వాల్వ్ ఉన్నవాళ్లు విమానం ఎక్కొచ్చా అని అడక్కండి

గుండె వాల్వ్‌లో తేడా ఉందని బయటపడ్డాక వచ్చే సందేహాల్లో విమానం సంగతి ముందు వరసలోనే ఉంటుంది. "విమానం ఎక్కొచ్చా?" అని అడిగితే దొరికే జవాబులు రెండే రకాలు. ఇంట్లోవాళ్లేమో "అంత ఎత్తుకా? అమ్మో, వద్దు" అంటారు. డాక్టరుగారేమో, బయట ఇంకా బోలెడుమంది కూర్చుని ఉంటారు కాబట్టి, ఫైలు మూస్తూ "ఏం కాదు, వెళ్లిరండి" అంటారు. నా మట్టుకు ఈ రెండు జవాబులూ పనికిరానివే. ప్రశ్నే సరిగ్గా లేనప్పుడు జవాబు ఎలా కుదురుతుంది?

నాకు చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం గుండె ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌ని బిగించేసింది. కొన్నేళ్లు ఆ బిగిసిన వాల్వ్‌తోనే తిరిగాను, తర్వాత ఆపరేషన్ చేసి దాని బదులు కృత్రిమంగా తయారుచేసిన మెకానికల్ వాల్వ్ పెట్టారు. ఆపరేషన్‌కు ముందూ ఎక్కాను, తర్వాతా ఎక్కుతున్నాను. అందుకే గట్టిగా చెప్తున్నాను: వాల్వ్ జబ్బున్న మనిషిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి గాల్లో గడిపే ఆ కొన్ని గంటలు కావు, దానికి ముందూ వెనకా నేల మీద జరిగేవి. భయమంతా పైన ఉన్న ఆకాశం మీద పెట్టుకుని, కింద మాత్రం పెద్ద బ్యాగు లాగుతూ, మాత్ర ఎగ్గొట్టి, నీళ్లు తాగకుండా, జబ్బు సంగతి ఎవరికీ చెప్పకుండా తిరుగుతాం.

అలాగని పైన ఏమీ జరగదని కాదు. విమానం 35 వేల అడుగుల ఎత్తులో పోతున్నా లోపలి గాలిని ఒత్తిడి పెంచి ఉంచుతారు కాబట్టి మన ఒంటికి తెలిసే ఎత్తు అంత ఉండదు. మామూలు పరిస్థితుల్లో క్యాబిన్ ఎత్తు 8,000 అడుగులు, అంటే దాదాపు 2,400 మీటర్లు దాటకూడదన్నది నియమం. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో దీన్ని 6,000 అడుగుల దగ్గరే ఉంచుతారు. 8,000 అడుగుల దగ్గర ఊపిరి పీల్చడమంటే, నేల మీద 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలికి బదులు 15 శాతమే ఉన్న గాలి పీల్చడంతో సమానం. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌లో అంకె నాలుగైదు పాయింట్లు పడిపోతుంది. దానికి గుండె కొంచెం వేగం పెంచుతుంది, ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి. మంచి గుండె ఉన్నవాళ్లు ఈలోపు సినిమా చూస్తూ నిద్రపోతారు, ఇదంతా జరిగిందని కూడా వాళ్లకు తెలియదు.

మరి మన సంగతి? ఇక్కడే "వాల్వ్ పేషెంట్" అని అందరినీ ఒకే గాటన కట్టెయ్యడం మీద నాకు ఒళ్లు మంట. ఏ వాల్వ్? దాని దారి సన్నబడిందా, లీకవుతోందా? కొద్దిగానా, తీవ్రంగానా? ఇప్పటికే మార్చేశారా? ఈ నాలుగూ అడగకుండా ఎవరైనా సలహా ఇస్తే దాన్ని పట్టించుకోకండి.

నా పాత జబ్బు, మైట్రల్ వాల్వ్ సన్నబడటం, తీసుకుందాం. ఈ వాల్వ్ మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. 1.5 లేదా అంతకన్నా తగ్గితే తీవ్రం కింద లెక్క. గుండె ఎడమ పక్క పై గదిలోంచి కింది గదిలోకి రక్తం ఈ సందులోంచే దిగాలి, అది దిగేది గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ కొట్టుకునే లోపు దొరికే విరామంలో. గుండె వేగం పెరిగితే మొదట కోత పడేది ఆ విరామానికే. సన్నటి గుమ్మం ముందు నిలబడ్డ జనాన్ని "తొందరగా, తొందరగా" అని తోస్తే ఏమవుతుందో అదే అవుతుంది: రక్తం ఈ పక్కనే ఇరుక్కుపోతుంది, ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీదకి మళ్లుతుంది, ఆయాసం మొదలవుతుంది. పైన చెప్పిన ఆక్సిజన్ తగ్గుదలా, రక్తనాళాలు ముడుచుకోవడమూ రెండూ సరిగ్గా ఈ బలహీనమైన చోటనే దెబ్బ కొడతాయన్న మాట నిజం. కానీ ఒక్కసారి ఆలోచించండి. సీట్లో వెనక్కి వాలి కూర్చున్న మనిషి గుండె వేగం క్యాబిన్ గాలి వల్ల ఎంత పెరుగుతుంది? గేటు మారిందని చివరి నిమిషంలో తెలిసి, భుజాన బ్యాగుతో, మెట్లెక్కి పరుగెత్తితే ఎంత పెరుగుతుంది? బిగిసిన వాల్వ్‌తో తిరిగిన రోజుల్లో నాకు ఆయాసం వచ్చి నిలబడిపోయింది గేటు దాకా నడిచే దారిలోనే. గాల్లో ఎప్పుడూ రాలేదు.

బృహద్ధమని దగ్గరుండే అయోర్టిక్ వాల్వ్ సన్నబడితే కథ వేరు. అది 1 చదరపు సెంటీమీటరు లేదా అంతకన్నా చిన్నదైతే, ఒంటికి ఎక్కువ రక్తం కావాల్సి వచ్చినా గుండె అంత పంపించలేకపోతుంది. నీళ్లు సరిగ్గా తాగక, ఉక్కపోతలో, కదలని క్యూలో నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరిగేది ఇలాంటివాళ్లకే. లీకయ్యే వాల్వ్‌లు, గుండె ఇంకా బలంగా ఉన్నంతకాలం, ప్రయాణాన్ని బాగానే తట్టుకుంటాయి. ఇక కొద్దిపాటి ప్రొలాప్స్ (వాల్వ్ రెక్క వెనక్కి ఉబ్బడం) ఉందని ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఒక్క ముక్క చూసి, ఒంట్లో ఏ బాధా లేకపోయినా ప్రయాణం మానుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లని ఆపింది వాల్వ్ కాదు, టెన్షన్.

ఎక్కకూడని వాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాల్వ్ జబ్బు తీవ్రంగా ఉండి, దాని లక్షణాలు కూడా బయటపడుతుంటే, అంటే నడిస్తే ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, కాళ్ల వాపు పెరిగిపోవడం లాంటివి ఉంటే విమానం వద్దనే ఏరోస్పేస్ మెడికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. అలాంటప్పుడు పెళ్లి ఉందనీ టికెట్ డబ్బు వెనక్కి రాదనీ మొండికేయడం తప్పు. ముందు మందులు సరిచేసుకోవాలి, అవసరమైతే వాల్వ్ బాగుచేయించుకోవాలి, ప్రయాణం తర్వాత. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఊరికే పుట్టే భయాలూ కొన్ని ఉన్నాయి. గాలి ఒత్తిడి తగ్గితే మెకానికల్ వాల్వ్ ఆగిపోతుందేమో అని మా పెద్దమ్మ నన్ను చాలా సీరియస్‌గా అడిగింది. వాల్వ్ తెరుచుకునేదీ మూసుకునేదీ దానికి అటూ ఇటూ ఉన్న గదుల్లో ఒత్తిడి తేడాను బట్టి. బయట గాలి తగ్గితే రెండు పక్కలా ఒకేలా తగ్గుతుంది, తేడా అలాగే ఉంటుంది, కాబట్టి వాల్వ్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. (నిశ్శబ్దంగా ఉన్న గదిలో నా వాల్వ్ టిక్కు టిక్కు పక్కవాళ్లకీ వినిపిస్తుంది. ఇంజన్ల హోరులో నాక్కూడా వినపడదు, ఆ కాసేపు హాయిగా ఉంటుంది.) సెక్యూరిటీ దగ్గర వాల్వ్ వల్ల గానీ, ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముకను కలిపి కట్టిన సన్న తీగల వల్ల గానీ బీప్ రావడం అరుదు, వచ్చినా విషయం చెప్తే చాలు. పేస్‌మేకర్ కూడా ఉన్నవాళ్లు మాత్రం చేత్తో పట్టుకునే డిటెక్టర్‌ని దాని మీదే ఆపి ఉంచొద్దని అడగాలి.

సరే, ఇప్పుడు నేల మీదకి వద్దాం.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న మనిషి విమానానికి సిద్ధంగా ఉన్నాడా అని తేల్చడానికి విమానయాన వైద్యులు వాడే మోటు లెక్క ఒకటుంది: సమతల నేల మీద 50 మీటర్లు మామూలు నడకతో నడవగలగాలి, లేదా ఒక అంతస్తు మెట్లు ఎక్కగలగాలి, ఎక్కువ ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ రాకుండా. చాలా తెలివైన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 50 మీటర్లు నడవగలిగితే సీట్లో కూర్చుని ఎగరడానికి చాలు. ఆ సీటు దాకా చేరడానికి చాలదు. పెద్ద విమానాశ్రయంలో దిగబెట్టిన చోటు నుంచి గేటు దాకా కిలోమీటరు నడక మామూలు విషయం, మధ్యలో విమానం మారాల్సి వస్తే అది రెట్టింపు. పరీక్షలో పాసైన మనిషి పరీక్షహాలు దాకా వెళ్లలేకపోవడం ఇదే.

దీనికి మందు వీల్‌చైర్. మనవాళ్లకు మాత్రం వీల్‌చైర్ అంటే చచ్చేంత నామోషీ. "నేనేమన్నా మంచాన పడ్డానా?" అంటారు. అసలు ఆ ఏర్పాటే మంచాన పడ్డవాళ్ల కోసం మాత్రమే కాదు. విమానయాన సంస్థలు వాడే కోడ్‌లలోనే మూడు తరగతులున్నాయి: మెట్లెక్కగలరు, సీటు దాకా నడవగలరు, కానీ దూరం నడవలేరు అనేవాళ్లకు డబ్ల్యూసీహెచ్‌ఆర్, మెట్లు కూడా ఎక్కలేనివాళ్లకు డబ్ల్యూసీహెచ్‌ఎస్, అసలు కదలలేనివాళ్లకు డబ్ల్యూసీహెచ్‌సీ. మొదటిది అచ్చంగా మనలాంటివాళ్ల కోసం పెట్టిందే. టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, కౌంటర్ దగ్గర ఆఖరి నిమిషంలో అడిగితే గంటలు నిలబెడతారు. ఒకసారి ఒక ఉద్యోగి నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు బాగానే నడుస్తున్నారుగా సార్?" అన్నాడు. "నడుస్తాను, ఎంత దూరమన్నదే సమస్య" అన్నాను. అతను ఇంకేం మాట్లాడకుండా కుర్చీ తెప్పించాడు. చూసేవాళ్ల చూపులంటారా, చూడనివ్వండి.

సామాను విషయంలో కూడా ఇదే మొహమాటం. ఛాతీ ఎముక కోసి చేసిన ఆపరేషన్ అయితే ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆలోగా తల పైన ఉండే అరలోకి బ్యాగు ఎత్తడం ఎంత మాత్రం మంచిది కాదు. పక్క సీటతన్ని అడగండి, ఎవరూ కాదనరు.

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను ఎక్కువ విసిగించే విషయం: ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే, నీరు తగ్గే మాత్రలు. విమానంలో మాటిమాటికీ లేవాల్సి వస్తుందని ఆ రోజు ఫ్రుసమైడ్ అనే ఈ రకం మాత్ర మానేసేవాళ్లు లెక్కలేనంతమంది, దానికి తోడు నీళ్లు కూడా తాగరు. బిగిసిన మైట్రల్ వాల్వ్ ఉన్న మనిషి ఆ మాత్ర మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి మనమే దారి వేసినట్టు. అయోర్టిక్ వాల్వ్ సన్నబడ్డ మనిషి నీళ్లు మానేస్తే కళ్లు తిరగడానికి దారి వేసినట్టు. అసలే క్యాబిన్ గాలిలో తేమ చాలా తక్కువ, ఇరవై శాతం కూడా ఉండదు. నోటితో వేసుకున్న ఫ్రుసమైడ్ పని దాదాపు ఆరు గంటల్లో అయిపోతుంది కాబట్టి, ఏ గంటకి వేసుకోవాలో డాక్టర్ని అడిగి జరుపుకోవచ్చు, పూర్తిగా మానెయ్యక్కర్లేదు. నడవా పక్క సీటు తీసుకుంటే ఎవర్నీ లేపనక్కర్లేదు కూడా. సగం సమస్య సీటు నంబర్‌తోనే తీరిపోతుంది, మనం మాత్రం కిటికీ సీటు కోసం కొట్టుకుంటాం.

మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకి, దాని మీద రక్తం గడ్డకట్టకుండా వేసుకునే, రక్తం పలుచన చేసే మాత్ర విషయం ఇంతకన్నా పెద్దది. అయోర్టిక్ వాల్వ్ అయితే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష అంకె) సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మాటిమాటికీ రక్తపరీక్ష చేయించుకునే బాదరబందీ లేని కొత్త మందులుండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. మెకానికల్ వాల్వ్‌లున్నవాళ్లకి అలాంటి కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ అనే పరిశోధనలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. కాబట్టి మనకి పాత మాత్రలైన వార్ఫరిన్, లేదా అసినోకౌమరాల్, ఇవే గతి. ప్రయాణానికి వారం ముందు ఐఎన్‌ఆర్ చూపించుకుంటే, తేడా ఉంటే సరిచేసుకోవడానికి టైం ఉంటుంది. దేశం మారితే గడియారం మారుతుందని కంగారుపడి కొందరు ఒకే రోజు రెండు డోసులు వేసేసుకుంటారు, అది చాలా ప్రమాదం. వార్ఫరిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 40 గంటలు పడుతుంది, కొన్ని గంటలు అటూ ఇటూ అయితే ముంచుకొచ్చేది ఏమీ లేదు. అసినోకౌమరాల్ అంతకన్నా తొందరగా తగ్గిపోతుంది కాబట్టి దాని వేళలు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

వెళ్లిన చోట విరేచనాలు పట్టుకుని మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ వేసుకుంటే ఐఎన్‌ఆర్ ఒక్కసారిగా పైకి పోతుంది. తిండి మానేసినా పైకి పోతుంది. రోజూ తినే ఆకుకూరలు హఠాత్తుగా మానినా, ఎప్పుడూ తిననివాళ్లు హఠాత్తుగా మొదలెట్టినా అంకె మారిపోతుంది. ఇవన్నీ జరిగేది దిగిన తర్వాత, హోటల్లోనో చుట్టాలింట్లోనో. విమానంలో కాదు. మాత్రలు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి, కంపెనీ అట్టల్లోనే, చీటీతో సహా, ప్రయాణం ఆలస్యమైతే సరిపడా కొన్ని రోజులవి ఎక్కువే. పెద్ద సూట్‌కేసు తప్పిపోతే బట్టలు కొనుక్కోవచ్చు. రాత్రి పూట తెలియని ఊళ్లో వార్ఫరిన్ కోసం తిరిగి చూడండి, తెలుస్తుంది.

రక్తం గడ్డకట్టడం గురించి ఒక్క మాట. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో గడ్డ కట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయితే ఆరోగ్యవంతుల్లో అది ఆరు వేల మందిలో ఒకరికి, పైగా అది విమానానికే కాదు, బస్సుకీ రైలుకీ కారుకీ వర్తిస్తుంది, కారణం కదలకుండా కూర్చోవడం. ఐఎన్‌ఆర్ సరిగ్గా ఉన్నవాళ్లకి ఆ విషయంలో కొంత రక్షణ ఉన్నట్టే.

ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకి ఎక్కొచ్చు? ఛాతీ తెరిచి చేసినప్పుడు లోపల కొంచెం గాలి మిగిలిపోవచ్చు, క్యాబిన్ ఎత్తులో గాలి సుమారు 30 శాతం వ్యాకోచిస్తుంది, అందుకే ఆగమంటారు. ఏ చిక్కూ లేకుండా కోలుకుంటే పది రోజుల నుంచి రెండు వారాల తర్వాత చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నంత మాత్రాన ఎక్కెయ్యమని కాదు. రక్తహీనత ఉందా, గుండె లయ తప్పుతోందా, ఛాతీలో నీరుందా చూసుకోవాలి. నన్నడిగితే తప్పనిసరి కాకపోతే ఆరు వారాలు ఆగడమే నయం, సామాను మోసే బాధ తగ్గుతుంది.

ఇక దాచిపెట్టడం. జబ్బు సంగతి చెప్తే ఎక్కనివ్వరేమో అని నోరుమూసుకుని ఎక్కేవాళ్లు ఎంతమందో. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకీ, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లకీ విమాన సంస్థలు మెడిఫ్ అనే ఫారం నింపించుకుంటాయి, డాక్టర్ రాయాలి, కొన్ని రోజుల ముందే పంపాలి. సొంత ఆక్సిజన్ సిలిండర్ తీసుకెళ్లనివ్వవు, గాల్లోంచి ఆక్సిజన్ తీసిచ్చే, బ్యాటరీతో నడిచే కాన్సంట్రేటర్ అయితే ముందే అనుమతి తీసుకుని తెచ్చుకోవచ్చు, ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపడా బ్యాటరీలు చాలా సంస్థలు అడుగుతాయి. పైనుంచి జారే ముసుగులున్నాయిగా అని ధీమాగా ఉండకండి. అవి గాలి ఒత్తిడి పోయినప్పుడు విమానం కిందికి దిగేలోపు ఒక పావుగంట కోసం పెట్టినవి, ఆయాసం కోసం కాదు. స్థిరంగా ఉన్న వాల్వ్ రోగికి ఈ ఫారం సాధారణంగా అక్కర్లేదు, ఒక మంచి ఉత్తరం చాలు. మంచి ఉత్తరం అంటే "ప్రయాణానికి అర్హులు" అని ఒక్క వాక్యం రాసి ముద్ర కొట్టింది కాదు. వాల్వ్ ఏ రకం, ఎప్పుడు పెట్టారు, ఏ మందులు ఎంత, ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలి, చివరి ఎకో ఏం చెప్పింది, ఇవన్నీ ఉండాలి. ఆపరేషన్ అప్పుడు ఇచ్చే వాల్వ్ కార్డుని కూడా పర్సులో పెట్టుకోండి.

గాల్లో ఏదైనా అయితే? 2008 నుంచి 2010 దాకా ఐదు విమాన సంస్థల్లో వచ్చిన దాదాపు 12 వేల వైద్య అత్యవసరాలను లెక్కగట్టి 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. 604 విమానాలకి ఒక ఘటన. అందులో గుండె లక్షణాలు 8 శాతం లోపే. మూడో వంతుకు పైగా కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. నీళ్లు తాగకపోవడం, ఖాళీ కడుపు, నిద్రలేమి కూడా కళ్లు తిరగడానికి దారితీసేవే, ఇవి మనం నేల మీదే మొదలుపెట్టి పైకి మోసుకెళ్తాం.

చివరగా, డాక్టర్లు కూడా చెప్పడం మర్చిపోయే సంగతి. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకి తిరిగొచ్చాక జ్వరం పట్టుకుని నాలుగైదు రోజులు తగ్గకపోతే, "ప్రయాణం బడలిక, ఏసీ గాలి" అని దుకాణంలో యాంటీబయాటిక్ కొని మింగకండి. వాల్వ్‌కి ఇన్‌ఫెక్షన్ పట్టిందేమో తేల్చాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) కోసం రక్తం తియ్యాలి, ఒకసారి కాదు, సాధారణంగా మూడుసార్లు, వేర్వేరు చోట్ల నుంచి. ముందే మందు పడితే క్రిమి ఏదో తెలియదు, తెలియకపోతే వారాల తరబడి ఇచ్చే మందు గుడ్డిగా ఇవ్వాల్సి వస్తుంది. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్కడెక్కడ తిరిగారో తర్వాత చెప్పొచ్చు, "నాకు గుండెలో కృత్రిమ వాల్వ్ ఉంది, మందు ఇచ్చే ముందు కల్చర్ తీయించండి" అని ముందు చెప్పండి.